స్కాన్ చేసిన డిజైన్‌లో వెలిసిన సన్నని గీతల్ని నల్లగా, లావుగా చేయడం ఎలా?

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ: కాగితం మీద సన్నని పెన్నుతో తీగలు, ఆకుల డిజైన్ ఒకటి వేశారు. స్కాన్ చేస్తే గీతలు నల్లగా కాక బూడిద రంగులో, వెంట్రుకల్లా వచ్చాయి. కాంట్రాస్ట్ పెంచితే కొన్ని గీతలు ముదిరాయి, కొన్ని మాయమైపోయాయి, కాగితం మీద మచ్చలు తేలాయి. ఇప్పుడు గీతలన్నీ ప్రింట్‌కి పనికొచ్చేంత లావుగా, నల్లగా కావాలి. డిజైన్ మొత్తం మళ్లీ గీయాలా అని అడిగారు.

అక్కర్లేదు. పదిహేనేళ్లుగా గీతల బొమ్మల్ని ప్రింట్‌కి సిద్ధం చేసే పనిలోనే ఉన్నాను. మీరు చెప్పినంత పాలిపోయిన స్కాన్లు చాలావరకు బాగుపడ్డాయి. కాకపోతే ఒక విషయం ముందే తేల్చుకోవాలి. గీత వెలిసిపోవడం వేరు, గీత సన్నగా ఉండడం వేరు. మొదటిది రంగులో లోపం, రెండోది ఆకారంలో లోపం. ఒక దానికి వాడే మందు రెండోదానికి పనిచేయదు. మీరు ఒక్క కాంట్రాస్ట్ స్లైడర్‌తో రెండూ సాధించాలని చూశారు, బొమ్మ అక్కడే చెడింది. ముందు నలుపు, తర్వాత లావు. ఈ వరస మాత్రం తిరగేయకండి. కాగితం ఇంకా బూడిద రంగులో ఉండగానే గీతల్ని లావు చేసే ఫిల్టర్ వేస్తే, గీతలతోపాటు కాగితం మీది నూగు, మరకలు, దుమ్ము అన్నీ లావవుతాయి.

స్కాన్ సంగతి ముందు. వీలుంటే ఇంకోసారి స్కాన్ చేయండి, 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల చొప్పున), గ్రేస్కేల్‌లో (బూడిద ఛాయలన్నీ నిలుపుకునే మోడ్‌లో). నలుపు తెలుపు మాత్రమే ఇచ్చే మోడ్ పెట్టొద్దు. ఏ గీత ఉండాలో ఏది పోవాలో అప్పుడు స్కానరే తేల్చేస్తుంది, పోయిన గీతని తర్వాత ఎవరూ తెచ్చివ్వలేరు. ఫైల్‌ని జేపెగ్‌గా కాక పీఎన్‌జీగానో టిఫ్‌గానో సేవ్ చేయండి. జేపెగ్‌లో గీతల చుట్టూ సన్నని మురికి లాంటి చుక్కలు చేరతాయి. మామూలుగా చూస్తే కనిపించవు, లావు చేసినప్పుడు గీత పక్కన బొబ్బల్లా బయటపడతాయి. కింద నీలం పెన్సిల్‌తో వేసి పైన నల్ల పెన్నుతో దిద్దే అలవాటు మీకుంటే మాత్రం కలర్‌లోనే స్కాన్ చేసి, ఛానెల్స్‌లో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల్ని విడివిడిగా చూపే చోట) బ్లూ ఛానెల్ ఒక్కటే తీసుకోండి. నీలం గీతలు అందులో దాదాపు తెల్లగా మారిపోతాయి, నల్ల గీతలు నిలబడతాయి.

స్కానర్ లేక ఫోన్‌తో ఫోటో తీస్తే ఇంకో చిక్కు ఉంది. కాగితం ఒక మూల తెల్లగా, ఇంకో మూల మసగ్గా వస్తుంది. అలాంటి బొమ్మలో ఒక వైపుకి సరిపోయిన సెట్టింగ్ ఇంకో వైపుని పాడుచేస్తుంది. దీనికి చక్కటి ఉపాయం ఉంది. ఫోటోషాప్‌లో లేయర్‌ని (బొమ్మ ఉన్న పొరని) కంట్రోల్ జే నొక్కి కాపీ చేయండి. ఆ కాపీ మీద ఫిల్టర్ మెనూలో అదర్ కింద ఉండే మాక్సిమమ్‌ని 10 పిక్సెళ్లతో వేయండి. తెలుపు పెరిగి సన్నని గీతల్ని మింగేస్తుంది, ఉత్త కాగితం, దాని మీది నీడ మిగులుతాయి. దాన్ని గాసియన్ బ్లర్‌తో 30 పిక్సెళ్ల మేర మసక చేసి, లేయర్ మోడ్‌ని (పై పొర కింది పొరతో కలిసే తీరుని) డివైడ్‌కి మార్చండి. కింది బొమ్మని ఆ నీడతో భాగించినట్టవుతుంది. కాగితం ఎక్కడికక్కడ తెల్లబడి గీతలు మాత్రం మిగులుతాయి. గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనూ డివైడ్ మోడ్ ఉంది. అక్కడ మాక్సిమమ్ బదులు మీడియన్ బ్లర్‌ని గీత మందం కంటే బాగా పెద్ద రేడియస్‌తో వేస్తే సరిపోతుంది.

ఇప్పుడు నలుపు. బ్రైట్‌నెస్ కాంట్రాస్ట్ జోలికి వెళ్లకుండా లెవెల్స్ తెరవండి. కంట్రోల్ ఎల్ నొక్కితే తెరుచుకుంటుంది కానీ, అడ్జస్ట్‌మెంట్ లేయర్‌గా పెట్టుకుంటే తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అందులో కనిపించే గ్రాఫ్‌ని కాస్త ఓపిగ్గా చూడండి. కుడివైపు పెద్ద కొండలా ఉన్నది కాగితం. ఎడమవైపుకి పల్చగా సాగిన తోక మీ గీతలు. 0 అంటే పూర్తి నలుపు, 255 అంటే పూర్తి తెలుపు. మీలాంటి స్కాన్‌లో కాగితం 225 దగ్గర, గీతల నడిబొడ్డు 120 దగ్గర ఉందనుకుందాం. తెల్ల స్లైడర్‌ని కొండకి ఎడమ అంచు దాకా, అంటే 215 దాకా జరపండి. అక్కడ ఆపేయండి. మీ సన్నని గీతలు మాయమైంది ఇక్కడే: కాగితం ఇంకా తెల్లబడాలని స్లైడర్‌ని మరీ లోపలికి తోస్తే, 200 దగ్గరున్న పల్చటి గీతలు కూడా తెలుపులో కలిసిపోతాయి. తర్వాత నల్ల స్లైడర్‌ని కుడికి, 120 దాకా తెండి. మధ్య స్లైడర్‌ని కొంచెం కుడికి జరిపితే దాని విలువ 1 కంటే తగ్గి 0.8 అలా అవుతుంది, మధ్యలో ఉన్న బూడిద రంగులు ముదురుతాయి. స్లైడర్ జరిపేటప్పుడు ఆల్ట్ నొక్కి పట్టుకోండి, ఏ పిక్సెళ్లు పూర్తి నలుపుకో పూర్తి తెలుపుకో చేరిపోతున్నాయో తెర మీద విడిగా కనిపిస్తుంది. ఈ ఒక్క అలవాటు నాకు గంటల కొద్దీ పని మిగిల్చింది.

ఇంత చేసినా కొన్ని గీతలు పాలిపోయి ఉంటే లేయర్‌ని కాపీ చేసి మోడ్‌ని మల్టిప్లై చేయండి. 128 విలువ ఉన్న బూడిద గీత 64కి దిగుతుంది, ఇంకో కాపీ పెడితే 32కి. తెలుపు ఎన్నిసార్లు గుణించినా తెలుపుగానే ఉంటుంది కాబట్టి కాగితం చెక్కుచెదరదు. ఇది నిజమయ్యేది కాగితం 255కి చేరాకే సుమా. 230 దగ్గర ఉండగా మల్టిప్లై చేస్తే కాగితం కూడా 207కి దిగజారుతుంది. అందుకే లెవెల్స్ తర్వాతే మల్టిప్లై. ఆ కాపీ లేయర్‌కి మాస్క్ (నల్లగా ఉన్న చోట లేయర్‌ని దాచి, తెల్లగా ఉన్న చోట చూపే తెర) పెట్టి, వెలిసిన చోట్ల మాత్రమే కనిపించేలా బ్రష్‌తో తెరుచుకుంటే ఇంకా మంచిది.

లావు చేసే ముందు దుమ్ము దులపాలి. ఈ మాట నొక్కి చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట పక్షుల బొమ్మ ఒకటి, రెక్కల నిండా సన్నని అడ్డగీతలు, హడావిడిగా లావు చేసి పంపేశాను. తెర మీద బొమ్మ మొత్తం చూస్తే బాగానే ఉంది. ప్రింటై వచ్చాక చూస్తే ఆకాశం నిండా నల్ల చుక్కలు. స్కానర్ అద్దం మీది దుమ్ము, ఒక్కో పిక్సెల్ ఉన్నది ఐదు పిక్సెళ్ల బొట్టైంది. రెక్కల్లో గీతల మధ్య తెలుపు పూడుకుపోయి రెక్క నల్లటి ముద్దలా తయారైంది. ఆ బొమ్మ గీసినతను నెల రోజులు కూర్చుని వేసిన రెక్కలవి. అతనికి మొహం చూపించడం కష్టమైంది. అప్పటినుంచి లావు చేసే ముందు తాత్కాలికంగా ఇంకో లెవెల్స్ లేయర్ పెట్టి, నల్ల స్లైడర్‌ని 240 దాకా లాగి చూస్తాను. కంటికి ఆనని మురికంతా నల్లగా బయటపడుతుంది. తెల్ల బ్రష్‌తో దాన్ని తుడిచేసి, ఆ లేయర్‌ని తీసేస్తాను. బొమ్మని బట్టి పావుగంటో అరగంటో పడుతుంది, పట్టనివ్వండి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి బొమ్మని 100 శాతం జూమ్‌లో చూడండి. గీత అంచుల్లో ఉండే బూడిద పిక్సెళ్లు నల్లబడడం వల్ల గీత ఇప్పటికే కొంత లావై కనిపిస్తుంది. లావు చేయాలని అడిగినవాళ్లలో చాలామందికి నిజానికి కావాల్సింది నలుపే. మీకు ఇంతటితో సరిపోతే ఇక్కడే ఆపేయండి. గీతని ఎంత తక్కువ కదిలిస్తే మీ చేతి ఒడుపు అంత మిగులుతుంది.

ఇంకా సన్నగానే అనిపిస్తే, అప్పుడు మినిమమ్ ఫిల్టర్. ఇది కూడా ఫిల్టర్ మెనూలో అదర్ కిందే ఉంటుంది. పేరు చూసి గీత తగ్గిపోతుందేమోనని చాలామంది భయపడి మాక్సిమమ్ నొక్కుతారు, గీతలు మాయమవుతాయి. మినిమమ్ లెక్కపెట్టేది గీతని కాదు, వెలుగుని. ప్రతి పిక్సెల్ తన చుట్టుపక్కల ఉన్నవాటిలో అతి తక్కువ వెలుగున్న విలువని తీసుకుంటుంది. అంటే గీతకి ఆనుకుని ఉన్న తెల్ల పిక్సెల్ కూడా నల్లబడుతుంది. గింప్‌లో ఇదే పనికి ఫిల్టర్స్ మెనూలో జెనరిక్ కింద ఎరోడ్ ఉంది. ఎరోడ్ అంటే అరిగిపోవడం కదా, మరి లావు ఎలా అవుతుందంటారా? అది అరగదీసేది తెలుపుని. తెలుపు అరిగితే నలుపు పెరుగుతుంది. మీ బొమ్మ నల్ల నేపథ్యం మీద తెల్ల గీతలైతే అంతా తలకిందులవుతుంది, అప్పుడు మాక్సిమమో డైలేటో వాడాలి. ఈ అరగదీయడం, ఉబ్బించడం అన్న రెండు పనుల మీద 1964లో ఫ్రాన్స్‌లో జార్జ్ మాథెరాన్, జాన్ సెరా అనే ఇద్దరు ఒక గణితశాఖనే కట్టారు. రాళ్లలో, ఖనిజాల్లో సందులు, రేణువులు ఎలా అమరి ఉన్నాయో కొలవడంతో మొదలైన ఆ లెక్క ఇప్పుడు మన ఆకులకీ తీగలకీ పనికొస్తోంది. నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా సంతోషంగా ఉంటుంది.

ఫిల్టర్ వేసే ముందు లేయర్‌ని స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చుకోండి, రేడియస్‌ని తర్వాత మార్చుకోవచ్చు. ప్రిజర్వ్ అన్న చోట రౌండ్‌నెస్ ఎంచుకోండి. స్క్వేర్‌నెస్ పెడితే వంపులు మెట్లుమెట్లుగా, గీతల కొసలు చతురస్రంగా వస్తాయి, తీగల డిజైన్‌కి అది బొత్తిగా నప్పదు. రేడియస్ 1 అంటే గీతకి రెండు పక్కలా ఒక్కో పిక్సెల్ చేరుతుంది, 3 పిక్సెళ్ల గీత 5 అవుతుంది. కాగితం మీద అది ఎంతో లెక్కేసుకోండి: 600 డీపీఐలో ఒక పిక్సెల్ సుమారు 0.04 మిల్లీమీటర్లు, 300 డీపీఐలో 0.085. కాబట్టి ఎవరైనా రేడియస్ 2 పెట్టమని చెబితే, ఏ డీపీఐలో అని తిరిగి అడగండి. ఆ మాట లేకుండా ఆ అంకెకి అర్థం లేదు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇప్పుడు చెప్తాను. ఈ ఫిల్టర్ గీత మందాన్ని గుణించదు, కూడుతుంది. 2 పిక్సెళ్ల గీత 4 అవుతుంది, అంటే రెట్టింపు. పక్కనే ఉన్న 8 పిక్సెళ్ల గీత 10 అవుతుంది, అంటే పావు వంతే పెరిగింది. మొదట వాటి మధ్య నాలుగింతల తేడా ఉండేది, ఇప్పుడు రెండున్నర ఇంతలే. మీ డిజైన్‌లో కాడ లావుగా మొదలై తీగ కొసకి సన్నబడుతూ పోతుంది కదా, ఆ సన్నబడడంలోనే తీగ ప్రాణం ఉంది. రేడియస్ 3, 4 పెట్టేసరికి కొసలన్నీ మొద్దుబారి, మొత్తం డిజైన్ ఒకే మందం తీగతో వంచి చేసినట్టు తయారవుతుంది. నలుపులో లోటేమీ ఉండదు, అందం ఎటు పోయిందో తెలియదు. దీనికి నేను చేసేది ఇది. లావు చేసిన లేయర్‌ని పైన, చేయని లేయర్‌ని కింద పెడతాను. పైదాని మోడ్ డార్కెన్. పై లేయర్‌కి నల్ల మాస్క్ వేసి, లావు కావాల్సిన కాడలు, ఆకుల అంచులు మాత్రమే మెత్తటి తెల్ల బ్రష్‌తో తెరుస్తాను. కొసల దగ్గర బ్రష్ ఒత్తిడి తగ్గించుకుంటూ పోతాను. అక్కడ మిగిలే బూడిద అంచుల్ని కింద చెప్పబోయే పద్ధతి సరిచేస్తుంది.

మినిమమ్ తర్వాత అంచులు కాస్త గరుగ్గా ఉంటాయి. వాటిని సాఫీ చేయడానికి బొమ్మని ముందే రెండింతలు పెద్దది చేసుకుని, ఫిల్టర్ వేశాక, గాసియన్ బ్లర్ 1.5 పెట్టి, ఆ మసకని లెవెల్స్‌తో కోస్తాను. కోయడం అంటే నల్ల స్లైడర్‌నీ తెల్ల స్లైడర్‌నీ దగ్గరికి తేవడం, 150, 190 అలా. కోత వాటి నడుమ, 170 దగ్గర పడుతుంది. మసక చేసినప్పుడు గీత అంచు గట్టులా వాలుగా మారుతుంది. ఆ వాలుని ఎక్కడ కోస్తే అక్కడ కొత్త అంచు. ఎడమకి జరిగితే గీత సన్నబడుతుంది, కుడికి జరిగితే లావవుతుంది. నిజానికి మినిమమ్ వాడకుండా ఈ ఒక్క పద్ధతితోనే గీతల్ని లావు చేయొచ్చు. అరపిక్సెల్, పావుపిక్సెల్ తేడాలు కూడా చేతికి అందుతాయి కాబట్టి నాకు ఇదే ఎక్కువ ఇష్టం. 3 పిక్సెళ్ల నల్ల గీతని 1.5తో మసక చేసి 170 దగ్గర కోస్తే సుమారు 4 పిక్సెళ్లు, 210 దగ్గర కోస్తే దాదాపు 6 పిక్సెళ్లు వస్తుంది. అయితే ఒక ప్రమాదం ఉంది. ఒకే పిక్సెల్ మందమున్న గీతని అంతే మసక చేస్తే దాని నడిబొడ్డు కూడా 188 దాకా తేలిపోతుంది. 170 దగ్గర కోశారంటే ఆ గీత ఆనవాలు కూడా మిగలదు. మీ డిజైన్‌లో వెంట్రుక గీతలు ఉన్నాయి కాబట్టి బ్లర్ తగ్గించండి, లేదా 190, 230 మధ్య కోయండి, లేదా ముందు మినిమమ్ వేశాకే ఈ పని చేయండి. సాఫీ అయ్యాక బొమ్మని మళ్లీ సగానికి తగ్గిస్తే అంచులు చక్కగా కుదురుకుంటాయి.

గీతలు మధ్యమధ్యలో తెగిపోయి ఉంటే లావు చేయకుండానే అతకొచ్చు. మినిమమ్ 2 వేసి, వెంటనే మాక్సిమమ్ 2 వేయండి. మొదటిది గీతల్ని ఉబ్బించి తెగినచోట్ల కలుపుతుంది, రెండోది మందాన్ని తిరిగి తగ్గిస్తుంది, కలిసిన చోటు మాత్రం కలిసే ఉంటుంది. కొంచెం లావూ కావాలంటే రెండోసారి 1 పెట్టండి. దగ్గరదగ్గరగా అడ్డగీతలు ఉన్న చోట మాత్రం ఇది వాడొద్దు. నా పక్షి రెక్కలకి పట్టిన గతే పడుతుంది. అలాంటి చోట గీతల మధ్య తెలుపు ఎన్ని పిక్సెళ్లుందో జూమ్ చేసి లెక్కపెట్టండి. 4 పిక్సెళ్లే ఉంటే రేడియస్ 1కి అది 2 అవుతుంది, 2కి పూర్తిగా మూసుకుపోతుంది.

గీతలు తెల్ల కాగితం మీద కాక పారదర్శకమైన లేయర్ మీద ఉంటే, అంటే డిజైన్‌ని సాఫ్ట్‌వేర్‌లోనే గీసి ఉంటే, ఈ శ్రమ చాలావరకు అక్కర్లేదు. లేయర్ స్టైల్‌లో స్ట్రోక్ పెట్టి, రంగు నలుపు, పొజిషన్ అవుట్‌సైడ్, సైజు 1 ఇవ్వండి. నచ్చకపోతే తీసేయొచ్చు. డిజైన్‌ని చాలా పెద్ద సైజులో వాడాల్సి వస్తే ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్ చేసి వెక్టర్‌గా (ఎంత పెద్దది చేసినా అంచు చెదరని ఆకారాలుగా) మార్చుకోవచ్చు. మామూలు ట్రేస్‌లో ప్రతి గీతా రెండు అంచులున్న నిండు ఆకారంగా వస్తుంది, గీతగా రాదు. అందుకని దానికి నల్ల స్ట్రోక్ ఇస్తే దాని సగం మందం ప్రతి పక్కా బయటికి చేరుతుంది. చేత్తో గీసిన వంపుల్ని ట్రేస్ కొంత నున్నగా చేసేస్తుంది. మీ తీగలకి అది నాకు నచ్చదు, తప్పనిసరైతేనే వాడండి.

థ్రెషోల్డ్‌ని, అంటే ప్రతి పిక్సెల్‌నీ పూర్తి నలుపో పూర్తి తెలుపో చేసేదాన్ని, మొదట్లో వాడకండి. ప్రింట్‌వాళ్లు ఉత్త నలుపు తెలుపు ఫైలే కావాలంటే, అన్నీ అయ్యాక, 600 డీపీఐ కంటే తగ్గకుండా చివర్లో వేయండి. అన్‌షార్ప్ మాస్క్‌తో గీతలు ముదురుతాయని కొందరు చెబుతారు. అది గీతని కొంత ముదురు చేసినా పక్కన తెల్లటి అంచు పుట్టిస్తుంది, గీతని లావు చేయదు.

ఫైల్ ఇచ్చేటప్పుడు గ్రేస్కేల్‌లోనే ఇవ్వండి. ఆర్‌జీబీ (తెర రంగుల) నలుపుని అలాగే సీఎంవైకేకి (అచ్చు ఇంకుల రంగులకి) మారిస్తే అది నాలుగు ఇంకుల మిశ్రమం అవుతుంది. అచ్చులో ఆ నాలుగూ వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా సన్నని గీత చుట్టూ రంగుల నీడ తేలుతుంది. ఒక్క నల్ల ఇంకు 100 శాతం ఉంటే ఆ బెడద లేదు. ఇక మందం విషయానికొస్తే, 0.25 పాయింట్, అంటే సుమారు 0.09 మిల్లీమీటర్ల కంటే సన్నని గీతని ప్రింట్‌లో నమ్ముకోవద్దు. 600 డీపీఐలో అది 2 పిక్సెళ్లు. నేనైతే మీ డిజైన్‌లో అతి సన్నని కొసని కూడా 3 పిక్సెళ్లకి తెచ్చి ఆపుతాను. పంపేముందు అసలు సైజులో ఒక కాగితం మీద ప్రింట్ తీసి, చేయి చాపినంత దూరంలో పట్టుకుని చూడండి. ఎక్కడైనా కొస విరిగినట్టు కనిపిస్తే మాస్క్‌లో అక్కడికి వెళ్లి ఇంకొంచెం తెరవండి. ఇంకా చిక్కు వస్తే స్కాన్‌లో ఒక చిన్న ముక్క కత్తిరించి, డీపీఐ ఎంతో రాసి ఇక్కడ పెట్టండి, దానికి తగ్గ అంకెలు చెప్తాను.